వేట లేని రోజుల్లో పిట్ట వైద్యం

నేను రిటైరయ్యాక మా పశువుల ఆసుపత్రికి వచ్చిన డాక్టరమ్మాయి మొన్నామధ్య బందరులో మా ఇంటికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు. కాఫీ తాగుతూ, "మేడమ్, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా కష్టమనిపించిన కేసేంటి?" అని అడిగింది. కడుపులో అడ్డం తిరిగిన దూడ గురించో, పొట్ట ఉబ్బిన ఎద్దు గురించో చెబుతానని చూసింది పాపం.

"గుప్పెట్లో పట్టే పిట్ట" అన్నాను.

నవ్వేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నాకు చిర్రెత్తుకురావడం పెద్ద విశేషమేమీ కాదు లెండి. మా స్టాఫు వెనకాల నన్ను పచ్చిమిరపకాయ అనేవాళ్ళు, ఎదురుగా అనే ధైర్యం ఒక్కడికీ లేదు. "కూర్చో, చెబుతాను" అన్నాను. చెప్పడం అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది. "ఇది రాసిపెట్టండి మేడమ్, మాలాంటివాళ్ళకి పనికొస్తుంది" అంది.

అందుకని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో ఇందులో ఉండదు. అవన్నీ చెప్పీ చెప్పీ మా ఆయనకి కంఠతా వచ్చేశాయి, కావాలంటే ఆయన్ని అడగండి.

తొట్టి చూడనిదే

పిట్ట దగ్గరికి వెళ్ళేముందు గుడివాడ పెద్దాయన సంగతి చెప్పాలి. ఆయన లేకపోతే పిట్ట లేదు.

చేరిన కొత్తలో నన్ను గుడివాడ వేశారు. చీర కట్టుకుని పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడితే రైతులు నా భుజం మీద నుంచి లోపలికి తొంగిచూసేవాళ్ళు.

"డాక్టరు గారు లేరామ్మా?"

"నేనేనండీ డాక్టర్ని."

"ఓహో, అలాగా. మరి ఆయన ఎప్పుడొస్తారు?"

ఇదీ వరస. అక్కడ మా పై డాక్టరు ఒక పెద్దాయన. నోరు తెరిస్తే కేకలే. ఆయన దగ్గర ఉండలేక ఏడ్చి బదిలీ చేయించుకుపోయినవాళ్ళు ఉన్నారు. నేను ఏడవలేదు, ఎదురు కేకలేశాను. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఒక గేదెకి ఎంతకీ అరుగుదల రావడం లేదు. నేను మందు మీద మందు మారుస్తున్నాను. ఒకరోజు ఆయన నన్ను స్కూటర్ ఎక్కించుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళారు. గేదె వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా కుడితి తొట్టి దగ్గరికి వెళ్ళి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి, అడుగు నుంచి పిడికెడు తీసి నా ముక్కు కింద పెట్టారు. పులిహోర. బూరెల ముక్కలు. ఆ ఇంటాయన ఫంక్షన్ హాల్లో వంటవాడట. మిగిలిందంతా తెచ్చి ప్రేమగా తొట్టిలో పోస్తున్నాడు.

"ఆవిడ రోజూ పెళ్ళి భోజనం చేస్తోందమ్మా! నీ పొడి ఏం పీకుతుంది?" అని వీధంతా వినబడేలా అరిచారు. వచ్చేటప్పుడు మాత్రం మెల్లగా, "తొట్టి చూడనిదే మందు రాయకు. మందు పనిచెయ్యకపోతే మందుని తిట్టకు, మళ్ళీ తొట్టి చూడు" అన్నారు.

కాలేజీలో చదివిందంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆయన మీద నాకు కోపం ఉన్నా, ఈ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెడతాను.

చిన్నోడు

నా చివరి పోస్టింగు దివిసీమలో. అక్కడ నుంచి హంసలదీవి వైపు వెళ్తే అన్నీ చేపలు పట్టేవాళ్ళ పాలేలు. ఆ వైపు నుంచి మేకలు వస్తాయి, కుక్కలు వస్తాయి, కోళ్ళు వస్తాయి. ఒక వేసవి మొదట్లో ఒక అమ్మాయి ఆటో దిగింది. ఏడో నెల కడుపు. చేతిలో తువ్వాలు కప్పిన పంజరం. వెనకాల మొహం మాడ్చుకుని తండ్రి.

అమ్మాయి పేరు దుర్గ. తండ్రి కొండయ్య, బోటు మీద వేటకెళ్తాడు. దుర్గని ఇచ్చింది బందరు పక్కన గిలకలదిండిలో. తొలి కాన్పు కనక ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. వస్తూ వస్తూ మొగుడు కొనిచ్చిన పిట్టని కూడా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. కాకటీల్ అని, చిలక జాతి చిన్న పిట్ట. నెత్తి మీద జుట్టు, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు. పేరు చిన్నోడు.

"చిన్నోడు తిండి తినట్లేదండీ డాక్టరమ్మ గారూ" అంది. "నేను నోటితో పెట్టినా తీసుకోట్లేదండి."

"నోటితోనా?"

"అవునండి. పెదాల మీద మెతుకు పెట్టుకుంటే వచ్చి తీసుకుంటాడండి. అదే ఆడికి అలవాటు."

తువ్వాలు తీసి చూశాను. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది. కంటి చుట్టూ తడి. రెట్ట ముదురు ఆకుపచ్చ. నాకు భయమేసింది. పిట్టని చూసి కాదు, ఆ అమ్మాయి కడుపు చూసి.

"ముందు నువ్వు లేచి బయట చెట్టుకింద బెంచీ మీద కూర్చో! దీని దగ్గరికి రాకు!" అని అరిచాను. నా గొంతుకి ఆసుపత్రిలో ఉన్న మేకలు కూడా అదిరాయి. దుర్గ ఏడుపు మొదలెట్టింది.

కొండయ్యకి సందు దొరికింది. "నేను మొదట్నుంచీ అంటానే ఉన్నానండి, పీక నులిమి పారేస్తే పోద్దని. వినదే!"

దూది పుల్లతో నమూనా తీసి పెద్ద ల్యాబుకి పంపించాను. అనుకున్నదే అయింది. సిట్టకోసిస్ అంటారు. చిలక జాతి పిట్టలకి వచ్చే అంటుజబ్బు. పిట్టల నుంచి పిట్టలకే కాదు, ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనుషులకీ వస్తుంది. మామూలువాళ్ళకి న్యుమోనియా లాగా వచ్చి మందులతో తగ్గుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం తల్లికీ బిడ్డకీ గండమే. పిట్టల కొట్లో ఇరుకు పంజరాల్లో పెట్టినప్పుడే అంటుకుని ఉంటుంది, బస్సు ప్రయాణం బడలికకి పైకి తేలింది.

కొత్తగా చేరినవాళ్ళకి ఇక్కడ ఒక మాట. జబ్బు పేరు చెప్పి ఆగకండి. పేరు చెప్పిన నోటితోనే, ఊపిరి తిప్పుకోకుండా, మందు ఉందని చెప్పండి. మధ్యలో మీరు ఆగిన ఆ కాస్త సేపూ వాళ్ళకి నరకం. నేను ఇలా చెప్పాను: "దీనికి అంటుజబ్బు వచ్చిందమ్మా, నెలన్నర మందు వాడితే తగ్గుతుంది, ఆ నెలన్నరా నువ్వు దీన్ని ముట్టుకోకూడదు, నువ్వు రేపే అవనిగడ్డ వెళ్ళి కాన్పుల డాక్టరుకి చూపించుకోవాలి."

దుర్గ కళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు. "నెలన్నర తర్వాత చిన్నోడు మళ్ళీ ఈలేస్తాడా అండీ?"

ఆ దేవుడి దయ, దుర్గకి ఏమీ అంటలేదు. వాళ్ళమ్మ ఆదెమ్మకి కాస్త దగ్గూ జ్వరమూ ఉంటే ఆవిడకి మాత్రలిచ్చారు, తగ్గిపోయింది. పిట్టకిచ్చే మందు కడుపుతో ఉన్న మనిషికి పడదు. కాబట్టి దుర్గకి దూరమే మందని కాన్పుల డాక్టరు గట్టిగా చెప్పి పంపించింది.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

ఈలోగా మా పై అధికారి ఒకాయనకి ఎవరో ఉప్పందించారు. ఫోను చేశాడు.

"మేడమ్, ఎందుకొచ్చిన గోల. ఆ పక్షిని పాతిపెట్టించెయ్యండి. టీవీవాళ్ళకి తెలిస్తే బర్డ్ ఫ్లూ అంటారు. మీకు రిటైర్మెంట్ దగ్గర పడింది కూడా."

"ఇది బర్డ్ ఫ్లూ కాదు సార్. మందుకి లొంగే జబ్బు."

"ఒక్క పిట్ట కోసం ఇంత అవసరమా?"

"అలాగే సార్, పాతిపెట్టమని మీరు కాగితం మీద రాసివ్వండి, పాతిపెడతాను."

ఫోను పెట్టేశాడు. తర్వాత ఆ విషయం మీద ఆయన మళ్ళీ ఫోను చెయ్యలేదు. గుర్తుపెట్టుకోండి, కేకలేసే బాసుతో వేగచ్చు. నోటిమాటగా చెప్పి చేతులు దులుపుకునే బాసుతో జాగ్రత్త.

ఆయన కన్నా కష్టం దుర్గ అత్తగారు. విషయం తెలిసి గిలకలదిండి నుంచి దిగింది. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమ్మా డాక్టరమ్మా, మనిషి పేణం ఎక్కువా, పిట్ట పేణం ఎక్కువా?"

"మనిషి ప్రాణమేనండీ."

"మరి దాన్ని సముద్రం ఒడ్డున వదిలేస్తే పోద్దిగా! లేదా మా కోడల్ని పంపండి, మేం తీసుకుపోతాం."

"వదిలేస్తే అది ఇంకొకరి చూరు మీద వాలుద్ది. ఆ ఇంట్లో చంటిపిల్లలుంటేనో? చంపి పారేస్తే జబ్బు చస్తుందా? ఇల్లు కడిగితే పోద్ది గానీ పిట్టని చంపితే పోదు. మీ కోడలు ఎక్కడుండాలో మీరూ మీరూ తేల్చుకోండి. పిట్ట సంగతి నాకు వదిలెయ్యండి."

గోడ అవతల నుంచి పక్కింటావిడ, "మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనెంట" అని వినపడేలాగే అంది. వేట నిషేధం రోజులు. రెండు నెలలు బోట్లు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపేస్తుంది. పాలెం మొత్తం చేతులు ముడుచుకుని కూర్చున్న వేళ పిట్టకి వైద్యమంటే అనరా మరి? ఆమెనీ తప్పుపట్టను.

అసలు చిక్కు ఎక్కడంటే, పిట్టని ఎక్కడ పెట్టాలి? ఒకటే గది, ఒక వసారా. వేరే ఇంట్లో పెట్టుకోమంటే ఎవరు పెట్టుకుంటారు? అందరూ నా మొహం చూస్తున్నారు.

కొండయ్య అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"బోటు ఖాళీగానే ఉందిగా అండీ."

అందరం అటు తిరిగాం. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. "సరుగుడు తోట చివర నీడలోకి లాగి పెట్టానండి. ఇళ్ళకి దూరం. గాలి కూడా ఊరి మీదకి రాదు. పైన తాటాకు కప్పుతా. కాకులూ పిల్లులూ రాకుండా చుట్టూ వల కడతా."

"నువ్వే కదయ్యా పీక నులుముతానంది?"

"అది తినకపోతే ఇదీ తినట్లేదండి" అన్నాడు దుర్గ వైపు చెయ్యి చూపించి. "కడుపులో బిడ్డుంది. నా సావుకొచ్చింది."

బోటులో ఆసుపత్రి

మనిషి మొండి గానీ పని నేర్పితే నేర్చుకునే రకం. మాస్కు, చేతికి తొడుగులు. చీపురు పట్టకూడదు, పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది. ముందు బ్లీచింగ్ నీళ్ళు చల్లి, తడిపి, కాగితంతో సహా చుట్టి గోతిలో వెయ్యాలి. రోజుకొకసారి సూది లేని సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్కచుక్కగా మందు పొయ్యాలి. అయ్యాక స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి. పంజరంలో గింజలు, నీళ్ళు తప్ప ఏమీ ఉండకూడదని చెప్పి, పాత గిన్నెలూ ఊయలా అన్నీ తీయించేశాను.

దుర్గని అత్తగారు తీసుకుపోలేదు. పుట్టింట్లోనే ఉంచి ఆవిడే అప్పుడప్పుడూ వచ్చి పహరా కాసేది. దుర్గకి సాయంత్రాలు నడవమని డాక్టరు చెప్పింది కాబట్టి సముద్రం ఒడ్డున ఇంకో వైపుకి నడిచేది. ఆ పిల్ల బోటు దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. చెప్పిన మాట అంత నమ్మకంగా విన్నది.

నేను మూడో వారంలో వెళ్ళాను. తగ్గుతుందని ధీమాగా వెళ్ళాను. చిన్నోడు పంజరం మూల ఈకలు ఉబ్బించుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ఇంకా బరువు తగ్గాడు. రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది.

"రోజూ పోస్తున్నావా?"

"గంగమ్మ తోడండి. ఒక్క రోజు మానలేదు."

అబద్ధమాడే మనిషి కాదు. మందు నకిలీదేమో అన్నాడు అక్కడ వల బాగుచేస్తున్న ఒకతను. మందు మార్చి ఇంజక్షన్ మొదలెడదామా అని నా చెయ్యి సంచీలోకి వెళ్ళింది కూడా. అప్పుడు గుడివాడ పెద్దాయన కేక చెవిలో పడ్డట్టయింది. మళ్ళీ తొట్టి చూడు.

గింజల గిన్నె చూశాను. గింజలే. నీళ్ళ గిన్నె చూశాను. నీళ్ళే. పిట్టని చేతిలోకి తీసుకుంటే ముక్కు చివర తెల్లగా, పిండి అంటినట్టు ఉంది. పంజరం చుట్టూ చూశాను. వెనకవైపు ఊచలకి వల దారంతో కట్టి ఉంది, అలలకి ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి పెంకు. సముద్రపు నురుగు అంటారు గానీ, కటిల్‌ఫిష్ ఒంట్లో ఉండే పెంకు అది. సగానికి పైగా కొరికేసి ఉంది.

"ఇదేంటి కొండయ్యా?"

"ముక్కు గీసుకోడానికండి. తిండి కాదండి అది."

"ఎవరు కట్టమన్నారు?"

ఇసకలోకి చూశాడు. "మా అమ్మాయండి. నడకకెళ్ళినప్పుడు ఒడ్డున ఏరి, అదిగో ఆ దూరాన రాయి మీద పెట్టెళ్ళిపోద్ది. ముట్టుకోకూడదన్నారు గానీ పంపకూడదని అనలేదుగా అని నేనే కడతన్నా. అరిగిపోతే కొత్తది తెస్తది."

ఆ పెంకు అచ్చంగా సున్నం. ఈ మందుకి సున్నం తగిలిందంటే రెండూ కలిసి కూర్చుంటాయి, మందు ఒంటికి పట్టదు. ఇటు తండ్రి పొద్దున్నే పోసిన మందుని, అటు కూతురు సాయంత్రం పంపిన పెంకు మింగేస్తోంది. ఇద్దరిదీ ప్రేమే. చేపలు పట్టేవాళ్ళింట తప్ప ఇంకెక్కడా ఇలా జరగదు. గుడివాడలో అయితే ఆ పెంకు కొట్లో కొనాలి, కొనేముందు ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. ఇక్కడ అది కాళ్ళకింద దొరుకుతుంది.

వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా కోపం నూరుకుంటూనే వెళ్ళాను. దుర్గ గుమ్మంలో కూర్చుని కొంగులో ఇంకో మూడు పెంకులు పెట్టుకుని, ఉప్పు పోయేదాకా కడిగి ఎండబెడుతోంది. ఆ శుభ్రం చూశాక నా కోపం దిగిపోయింది. నా సర్వీసులో అరవకుండా ఉన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అది ఒకటి.

నెమ్మదిగా చెప్పాను. చెబుతుంటేనే మొహం పాలిపోయింది.

"అయితే నేనే చంపుతున్నానా అండీ ఆణ్ణి?"

"ఊరుకోవే పిచ్చిమొహమా! చంపేదానివైతే ఇలా కడిగి ఎండబెడతావా? ఇంకా బతికే ఉన్నాడు. రేపటి నుంచి మళ్ళీ మొదటి రోజని లెక్కపెడదాం."

"నేను ఏమీ పంపకూడదా అండీ? ఏమీనా?"

పిట్టని ఎలా మరిచిపోవాలో చెప్పే డాక్టర్లు చాలామంది ఉంటారు. దాన్ని దూరం నుంచి ఎలా చూసుకోవాలో మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు.

"ఈల పంపు" అన్నాను. "ఆ రాయి దగ్గర నిలబడి ఈలెయ్యి. ఈలకి అంటురోగం లేదు, సున్నమూ లేదు."

ఆ సాయంత్రమే వేసింది. చిన్నోడు పలకలేదు. మర్నాడూ పలకలేదు. దుర్గ మానలేదు. అత్తగారు కూడా పక్కన నిలబడి, "గట్టిగా ఎయ్యవే, అలల హోరుకి దానికేం వినపడుద్ది" అని కసిరిందట. అంటే ఆవిడా మెత్తబడిందన్నమాట.

పెంకు తీసేశాక కొన్నాళ్ళకి ఒక సాయంత్రం కొండయ్య నాకు ఫోను చేశాడు. మాట్లాడలేదు. ఫోను గాలిలోకి పట్టుకున్నాడు. హోరులో సన్నగా దూరం నుంచి ఒక ఈల, దగ్గర నుంచి ఇంకో ఈల. నేను మా వరండాలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. మా ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

వలలు సముద్రానికి

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడంతో ఇంకో ముడి పడింది. మందు పూర్తవకముందే వేట నిషేధం ఎత్తేస్తారు. బోట్లకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి మొక్కి నీళ్ళలోకి తోస్తారు. రెండు నెలల తర్వాత మొదటి వేట. బోటులో కొండయ్యతో పాటు ఇంకో ముగ్గురికి వాటా ఉంది. కొండయ్య మొండిగా, "నేను రాను, బోటు కదలదు" అని కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఊరుకుంటారా? పిట్ట కోసం నాలుగిళ్ళ పొయ్యిలు ఆర్పుతావా అని గొడవ. వాళ్ళన్నదాంట్లో తప్పేముంది?

నేను అందరికీ సర్దిచెప్పడానికి వెళ్ళాను. దారిలో మంచి ఉపన్యాసం కూడా తయారుచేసుకున్నాను. అది వాడే అవసరం రాలేదు. ఆదెమ్మ, మొదటి నుంచీ పిట్ట మాటెత్తితే మూతి తిప్పుకున్న మనిషి, చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా అంది.

"వలలు సముద్రంలోకి పోతాయిగా. వలల పాక ఖాళీయేగా. ఇందులో ఇంత కొట్టుకోడానికేముంది?"

నలుగురు మగాళ్ళూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వేట లేనప్పుడు వలలు పాకలో, బోటు ఖాళీ. వేట ఉన్నప్పుడు వలలు బోటులో, పాక ఖాళీ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఎవరికీ తట్టలేదు.

ఆ పాక కూడా ఇళ్ళకి దూరంగా ఉంటుంది. పంజరం అందులోకి మార్చాం. బోటుని బ్లీచింగ్ నీళ్ళతో కడిగించి, ఎండనిచ్చాకే మిగతావాళ్ళని ఎక్కనిచ్చాను. దానికి మాత్రం అరిచాను. కొండయ్య తెల్లవారకుండా వేటకెళ్ళి, ఎండెక్కే వేళకి వచ్చి, చేపలు దించి, పాకలోకి వెళ్ళి మందు పోసేవాడు. ఒళ్ళంతా ఉప్పు, నిద్రలేని కళ్ళు. మానలేదు.

దుర్గకి అవనిగడ్డ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. సుఖంగా, ఏ లోటూ లేకుండా. అత్తగారు ఆసుపత్రిలో అందరికీ మిఠాయి పంచి, పాక దాకా వెళ్ళి దూరంగా నిలబడి, "ఒరేయ్, నీకు చెల్లి పుట్టిందిరా" అని చెప్పి వచ్చిందట.

చేదు మందు

కొత్తవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఇదే. అంటుజబ్బు అనగానే మన చేతులు ముందు గొయ్యి తవ్వడానికే చూస్తాయి. కొన్నిసార్లు తవ్వక తప్పదు, నేనూ తవ్వించాను, ఊళ్ళ కోళ్ళన్నీ పాతిపెట్టించిన రోజులున్నాయి. కానీ తగ్గే జబ్బుకి కూడా గొయ్యి తవ్వడం వైద్యం కాదు, బద్ధకం. దూరంగా ఎక్కడ ఉంచాలి, ఎవరు చూసుకోవాలి, ప్రేమగా ఎవరేం పెడుతున్నారు, ఇవి తెలుసుకుంటే సగం వైద్యం అయినట్టే. వాటికి జవాబులు మన సంచీలో ఉండవు. ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉంటాయి. వాళ్ళని కూర్చోబెట్టి అడగాలి, అరిచినా సరే అడగాలి.

మందు పూర్తయ్యాక కొంతకాలం ఆగి మళ్ళీ నమూనా పంపించాం. జబ్బు లేదని వచ్చింది. అప్పటికి నేను రిటైరైపోయాను. అయినా ఆ మాట నేనే చెప్పాలని బందరు నుంచి బస్సెక్కి వెళ్ళాను.

పంజరం వసారాలోనే ఉండాలి, నోటితో మెతుకులు పెట్టడం జన్మలో కుదరదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, చంటిదాని దగ్గరికి అసలు తేకూడదు. అన్నిటికీ దుర్గ తల ఊపింది. వినలేదు, ఊపింది. కళ్ళు పాక వైపే ఉన్నాయి. చంటిపిల్లని ఆదెమ్మ లోపల ఒళ్ళో పెట్టుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడింది.

కొండయ్య పంజరం మోసుకొచ్చాడు. చిన్నోడు నున్నగా, జుట్టు నిక్కబొడుచుకుని, బుగ్గల బొట్లు మెరిసిపోతూ ఉన్నాడు. దుర్గ పంజరం ముందు కూర్చుని ఈలెయ్యబోయింది. పెదాలు వణికి ఈల రాలేదు.

చిన్నోడు ఆ అమ్మాయిని తల వంచి అటూ ఇటూ చూశాడు. ఈలెయ్యలేదు. గొంతు సవరించుకుని, అచ్చం కొండయ్య బొంగురు గొంతుతో అన్నాడు:

"తాగు తల్లీ. చేదుండదులే."

చిన్నోడు మళ్ళీ అన్నాడు. "తాగు తల్లీ. చేదుండదులే."

అత్తగారు ముందుగా తేరుకుంది. "ఇదేం చోద్యం! మగ పిట్టని పట్టుకుని తల్లీ అంటాడేంటి మా అన్నయ్య?"

కొండయ్య మొహం కందగడ్డయింది. వసారా మూలకి వెళ్ళి, బాగున్న వలనే విప్పి బాగుచెయ్యడం మొదలెట్టాడు.

దుర్గ పంజరం వైపు చూడటం మానేసి తండ్రి వైపు చూస్తోంది. ఏడుస్తూనే నవ్వుతోంది. "నా చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే అనేవోడండి డాక్టరమ్మ గారూ" అంది నాతో. "గిన్నెలో మాత్ర అరగదీసి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని. అచ్చం ఇలాగే అండి. పెద్దదాన్నయ్యాక మళ్ళీ అనలేదు."

"పిట్టన్నాక ఏదో ఒకటి అంటది" అన్నాడు కొండయ్య, తల ఎత్తకుండా.